పంటి పాచిలో చక్కెర గొలుసు.. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న

‘రామ్నోజ్‌లో బంధం ఆల్ఫానా, బీటానా? ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ చూసి ఎలా చెప్తారు?’

మూడేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక టీకా కంపెనీ ఇంటర్వ్యూలో మా అక్కకు ఎదురైన ప్రశ్న ఇది. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. ఎంఎస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ, మంచి మార్కులు. టక్కున జవాబు చెప్పేసింది. ‘కప్లింగ్ 3, 4 హెర్ట్జ్ ఉంటే ఆల్ఫా, 7, 8 ఉంటే బీటా సార్’ అని. ఎదురుగా కూర్చున్నాయన నవ్వి, ‘అది గ్లూకోజ్‌కి అమ్మా. నేనడిగింది రామ్నోజ్ గురించి’ అన్నారట. ఆ తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు, ‘మెయిల్ చేస్తాం’ అనే మాట.. అంతే. ఆ మెయిల్ ఇప్పటికీ రాలేదు.

ఇంట్లో మామూలే. ‘కెమిస్ట్రీకి ఉద్యోగాలెక్కడివి? అమీర్‌పేటలో ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరు’ అని తలా ఒక సలహా. అక్క మాత్రం, ‘ముందు ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటా. తర్వాత సంగతి తర్వాత’ అంది. నేనేమో ఇంజినీరింగ్ చదివి, ఫోన్లూ యాప్‌ల గురించి బ్లాగు రాసుకునేవాణ్ని. చక్కెర అణువుల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ వెతికి పెట్టమంటే నేనూ ఇందులో దిగాను. దిగాక తెలిసింది.. ఈ పాఠం నేర్చుకోవడానికి మన నోట్లోనే మంచి ఉదాహరణ ఉందని.

కెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మసీ చదువుతూ ‘కార్బోహైడ్రేట్స్ చాప్టర్ చాయిస్‌లో వదిలేద్దాం’ అనుకుంటున్నారా? అయితే ఇది మీ కోసమే.

ఈ బ్యాక్టీరియా ఎవరు?

పళ్లు పిప్పి పట్టడం అనగానే డెంటిస్టులు మొదట చెప్పే పేరు స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్. 1924లో లండన్‌లో క్లార్క్ అనే శాస్త్రవేత్త పిప్పిపళ్ల నుంచి దీన్ని వేరుచేశాడు. పంటి పాచిలో ఉంటుంది. మనం తినే తీపిని యాసిడ్‌గా మారుస్తుంది. ఆ యాసిడ్ పంటి ఎనామెల్‌ని కరిగిస్తుంది.

దీని దగ్గర రెండు రకాల పాలీశాకరైడ్లు ఉంటాయి. చాలామంది తికమకపడేది ఇక్కడే. మొదటిది గ్లూకాన్. మనం తిన్న పంచదారతో తయారుచేసే జిగురు. పంటికి అతుక్కుని ఉండటానికి పనికొస్తుంది. రెండోది కణ కవచానికి అంటిపెట్టుకుని ఉండే రామ్నోజ్-గ్లూకోజ్ పాలీశాకరైడ్. మన శరీరంలోని యాంటీబాడీలు ‘ఇది ఫలానా రకం’ అని గుర్తుపట్టేది ఈ రెండో దాన్నే. అందుకే దీన్ని యాంటిజెన్ అంటారు. జిగురు వేరు, గుర్తింపు కార్డు వేరు. ఈ తేడా చెప్పగలిగితే సగం పాఠం వచ్చినట్టే.

స్ట్రెప్టోకాకస్ కుటుంబాన్ని ఇలా చక్కెరల ఆధారంగా గ్రూపులుగా విడగొట్టింది రెబెకా లాన్స్‌ఫీల్డ్. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసేవారు. 1933లో ఆమె ప్రచురించిన పద్ధతి ఎంత గట్టిదంటే.. గ్రూప్ ఎ, గ్రూప్ బి అనే పేర్లను డాక్టర్లు ఈరోజుకీ వాడుతున్నారు.

ఒకటే గొలుసు.. నాలుగు రకాలు

మ్యూటాన్స్‌లో నాలుగు సీరోటైపులు ఉన్నాయి. సి, ఇ, ఎఫ్, కె. నాలుగింటికీ మూల గొలుసు ఒకటే. రామ్నోజ్ పక్కన రామ్నోజ్, దాని పక్కన మళ్లీ రామ్నోజ్. బంధాలు మాత్రం ఒకటి వదిలి ఒకటి మారతాయి. ఒకసారి 1,2 స్థానాల మధ్య, ఇంకోసారి 1,3 స్థానాల మధ్య. అన్నీ ఆల్ఫా బంధాలే.

ఈ గొలుసుకి పక్క కొమ్మలుగా గ్లూకోజ్ వేలాడుతుంది. తేడా అంతా ఆ కొమ్మ ఎలా అతుక్కుందనే దాంట్లోనే.

సి రకం: గ్లూకోజ్ ఆల్ఫా-1,2 బంధంతో ఉంటుంది.
ఇ రకం: బీటా-1,2 బంధం.
ఎఫ్ రకం: ఆల్ఫా-1,3 బంధం.
కె రకం: గ్లూకోజ్ కొమ్మలు బాగా తక్కువ. దాదాపు ఒట్టి గొలుసే.

నోటి నుంచి తీసిన నమూనాల్లో సుమారు 70-80 శాతం సి రకమే ఉంటుంది. ఇ రకం దాని తర్వాత. ఎఫ్, కె బాగా అరుదు. కె రకాన్ని జపాన్ పరిశోధకులు 2004లో కొత్తగా గుర్తించారు. అది కూడా రక్తంలో దొరికిన బ్యాక్టీరియాలో! కొమ్మలు తగ్గిన ఈ రకాన్ని తెల్ల రక్తకణాలు అంత తేలిగ్గా మింగలేకపోతున్నాయని వాళ్ల ప్రయోగాల్లో తేలింది. గుండె కవాటాల జబ్బుతో ఈ రకానికి సంబంధం ఉందా అనే పరిశోధన అక్కడి నుంచే ఊపందుకుంది. నాలుగు గ్లూకోజ్ కొమ్మలు ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి అనుకుంటాం. చూశారుగా.

ఇంకో సంగతి. గొంతు నొప్పి తెచ్చి, కొందరు పిల్లల్లో రుమాటిక్ గుండె జబ్బుకి దారితీసే గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ ఉంది కదా. దాని మూల గొలుసు కూడా ఇదే రామ్నోజ్ గొలుసు. పక్క కొమ్మలో మాత్రం గ్లూకోజ్‌కి బదులు ఎన్-అసిటైల్ గ్లూకోజమైన్ ఉంటుంది. ఆ కొమ్మ మన కణజాలాన్ని పోలి ఉండి, యాంటీబాడీలను పొరపాటు పట్టిస్తుందేమోనన్న అనుమానం ఎప్పట్నుంచో ఉంది. అందుకే కొమ్మలు తీసేసి, ఒట్టి రామ్నోజ్ గొలుసుతోనే టీకా చేయొచ్చా అని పరిశోధనలు జరిగాయి.

రామ్నోజ్‌నే ఎంచుకోవడానికి ఇంకో కారణమూ ఉంది. మన శరీరం రామ్నోజ్‌ని తయారుచేయదు. బ్యాక్టీరియా మాత్రం గ్లూకోజ్-1-ఫాస్ఫేట్‌తో మొదలుపెట్టి నాలుగు ఎంజైములతో చేసుకుంటుంది. అందుకే ఆ నాలుగు ఎంజైములూ మందుల పరిశోధకులకు మంచి గురి.

అన్నం, నూలు బట్ట లెక్క

ఆల్ఫా, బీటా మారితే అంత తేడా వస్తుందా అని డౌటా? మీ కంచంలోకి, ఒంటి మీదకి చూడండి. అన్నంలోని స్టార్చ్ గ్లూకోజ్ గొలుసే. నూలు బట్టలోని సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే. అందులో ఆల్ఫా-1,4 బంధం, ఇందులో బీటా-1,4 బంధం. ఒకటి తిని అరిగించుకుంటాం, ఇంకోటి కట్టుకుంటాం. సి రకానికీ ఇ రకానికీ ఉన్న తేడా సరిగ్గా ఈ జాతిదే.

ఇప్పుడు చిన్న లెక్క. రెండు గ్లైసిన్ అమైనో ఆమ్లాలను పెప్టైడ్ బంధంతో కలిపితే ఒకటే డైపెప్టైడ్ వస్తుంది. మరి రెండు గ్లూకోజ్ వలయాలను కలిపితే? మొదటి గ్లూకోజ్‌లోని 1వ కార్బన్, రెండోదానిలోని 2, 3, 4, 6 స్థానాల్లో దేనికైనా అతుక్కోవచ్చు. ప్రతిదానికీ ఆల్ఫా, బీటా రెండేసి. మొత్తం 8. రెండింటి 1వ కార్బన్లే ఒకదానికొకటి కలిస్తే ఇంకో 3. వెరసి 11 రకాలు. రెండు వలయాలకే ఇన్ని! డీఎన్‌ఏ, ప్రొటీన్ వరుసలు చదివినట్టు చక్కెర గొలుసును మెషిన్‌లో పెట్టి గబగబా చదివేయడం కుదరనిది ఇందుకే. చదవడం వచ్చిన మనిషికి విలువ ఉన్నదీ ఇందుకే.

అద్దంలో బొమ్మ

చిగుళ్ల జబ్బు తెచ్చే ఇంకో బ్యాక్టీరియా పేరు అగ్రిగాటిబ్యాక్టర్ ఆక్టినోమైసెటెమ్‌కోమిటాన్స్. పేరు చూసి భయపడకండి, డెంటల్ విద్యార్థులు కూడా ‘ఏఏ’ అనే అంటారు. దీని సీరోటైపుల్లో ఎ, సి రకాలు చూడండి. రెండింటిలోనూ ఉన్నది ఒకే పేరున్న అరుదైన చక్కెర, 6-డీఆక్సీ టలోజ్. బంధాలూ ఒకేలా ఉంటాయి. కానీ ఎ రకంలో ఉన్నది డి రూపం, సి రకంలో ఉన్నది ఎల్ రూపం. అంటే ఒకటి ఇంకోదానికి అద్దంలో బొమ్మ. ఎడమ చేతి గ్లవ్ కుడి చేతికి పట్టనట్టే, ఒకదాని కోసం తయారైన యాంటీబాడీ ఇంకోదానికి పట్టదు. బి రకం పూర్తిగా వేరు. అందులో డి-ఫ్యూకోజ్, ఎల్-రామ్నోజ్, ఎన్-అసిటైల్ గెలాక్టోజమైన్ మూడూ కలిసిన యూనిట్ మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇంటర్లో ‘డి, ఎల్ రూపాలు’ అని బట్టీ పట్టింది గుర్తుందా? అది ఇలా ఉపయోగపడుతుంది.

గొలుసును ఎలా చదువుతారు?

ల్యాబ్‌లో పని దాదాపుగా ఈ వరుసలో నడుస్తుంది.

1. ఏమేం చక్కెరలు ఉన్నాయి? శుద్ధిచేసిన పాలీశాకరైడ్‌ను యాసిడ్‌తో విడగొట్టి, జీసీ-ఎంఎస్‌లో గానీ అయాన్ క్రొమటోగ్రఫీలో గానీ చూస్తారు. మ్యూటాన్స్ అయితే రామ్నోజ్, గ్లూకోజ్ అని తేలుతుంది.

2. డి రూపమా, ఎల్ రూపమా? చక్కెరను ఒక కైరల్ ఆల్కహాల్‌తో కలిపితే డి, ఎల్ రెండూ జీసీలో వేర్వేరు సమయాల్లో బయటికొస్తాయి.

3. ఏ స్థానంలో బంధం ఉంది? ఇది మెథిలేషన్. గొలుసు మీద ఖాళీగా ఉన్న హైడ్రాక్సిల్ గ్రూపులన్నింటికీ మెథిల్ తొడుగుతారు. తర్వాత గొలుసు విప్పుతారు. బిగించి ఉన్న అలమరకి రంగు వేసి, ఆ తర్వాత పలకలు విప్పినట్టన్నమాట. రంగు అంటని చోటే అతుకు. మెథిల్ లేని స్థానమే బంధం.

4. ఆల్ఫానా, బీటానా? ఇక్కడే ఎన్‌ఎంఆర్. చక్కెర వలయాల 1వ ప్రోటాన్లు సుమారు 4.4 నుంచి 5.5 పీపీఎం మధ్య కనిపిస్తాయి. రామ్నోజ్ ఉంటే 1.2-1.3 పీపీఎం దగ్గర దాని మెథిల్ గ్రూపు కనిపించి ‘నేనున్నాను’ అంటుంది.

5. ఎవరి పక్కన ఎవరు? 2డీ ఎన్‌ఎంఆర్‌లో, ముఖ్యంగా నోయెసీ, హెచ్‌ఎంబీసీ స్పెక్ట్రాల్లో ఒక వలయానికీ పక్క వలయానికీ మధ్య సంబంధం బయటపడుతుంది.

ఇప్పుడు అక్కను ఓడించిన ప్రశ్న. గ్లూకోజ్‌లో 1వ, 2వ ప్రోటాన్ల మధ్య కోణం ఆల్ఫాకి ఒకలా, బీటాకి ఒకలా ఉంటుంది. అందుకే కప్లింగ్ ఒకచోట 3-4 హెర్ట్జ్, ఇంకోచోట 7-8 హెర్ట్జ్. రామ్నోజ్‌లో 2వ కార్బన్ దగ్గర అమరిక మానోజ్ తరహాలో ఉంటుంది. అక్కడి ప్రోటాన్ ఈక్వటోరియల్. కాబట్టి ఆల్ఫా అయినా బీటా అయినా కోణం దాదాపు ఒకటే, కప్లింగ్ రెండింటికీ చిన్నదే. ప్రోటాన్ కప్లింగ్ చూస్తే తేలదు! మరెలా? 1వ కార్బన్‌కీ దాని ప్రోటాన్‌కీ మధ్య ఉన్న కప్లింగ్ కొలవాలి. సుమారు 170 హెర్ట్జ్ ఉంటే ఆల్ఫా, 160 ఉంటే బీటా.

అంటే ఆ ఇంటర్వ్యూ ప్రశ్నకు సరైన జవాబు ‘అలా చెప్పలేం సార్, ఇలా చెప్పాలి’ అని. ఆయన చూసింది బట్టీ పట్టారా, అర్థం చేసుకున్నారా అని.

80 ఏళ్లకు బయటపడ్డ ముక్క

‘ఇవన్నీ ఎప్పుడో కనిపెట్టేశారు, మనకేం మిగిలింది?’ అనుకోవద్దు. లాన్స్‌ఫీల్డ్ కాలం నుంచి గ్రూప్ ఎ గొలుసు మీద ఎంతమంది పనిచేశారో లెక్కే లేదు. అయినా 2019లో ‘నేచర్ కెమికల్ బయాలజీ’లో వచ్చిన పరిశోధనలో ఆ గొలుసు పక్క కొమ్మల మీద గ్లిసరాల్ ఫాస్ఫేట్ అనే ముక్క ఉందని తేలింది. మన పిప్పిపన్ను బ్యాక్టీరియా మ్యూటాన్స్ గొలుసు మీద కూడా అదే ముక్క! 80 ఏళ్లకు పైగా పుస్తకాల్లో ఉన్న బొమ్మ అసంపూర్ణమన్నమాట. దారి చూపించింది ఒక జన్యువు. ‘ఈ జన్యువు ఇక్కడెందుకుంది? ఏం చేస్తోంది?’ అని అడిగినందుకే ఆ ముక్క దొరికింది.

ఉద్యోగం ఎక్కడ?

నిజం మాట్లాడుకుందాం. ‘పంటి బ్యాక్టీరియా యాంటిజెన్ కెమిస్ట్’ అనే పోస్టుకి ప్రకటన మీకు కనపడదు. పిప్పిపన్నుకి టీకా ఇంకా మార్కెట్లోకి రాలేదు. అమ్ముడుపోయేది ఈ ఉదాహరణ కాదు, దీంతో చేతికొచ్చే పని.

ఆ పని మన దగ్గర ఉంది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసే టైఫాయిడ్ టీకా టైప్‌బార్ టీసీవీలో ఉన్నది విఐ అనే పాలీశాకరైడ్. దాన్ని టెటనస్ టాక్సాయిడ్ ప్రొటీన్‌కి అతికిస్తారు. ఒట్టి పాలీశాకరైడ్‌కి రెండేళ్లలోపు పిల్లల్లో రోగనిరోధక శక్తి సరిగా స్పందించదు. ప్రొటీన్‌కి అతికిస్తే స్పందిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత పొందిన మొదటి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఇదే. బయొలాజికల్ ఇ కంపెనీకి టైఫాయిడ్ కాంజుగేట్ టీకాతో పాటు, 14 రకాల న్యూమోకోకస్ చక్కెరలతో చేసే న్యుబెవాక్స్ 14 అనే టీకా కూడా ఉంది. న్యూమోకోకస్ కూడా స్ట్రెప్టోకాకస్ కుటుంబమే. మ్యూటాన్స్‌కి దగ్గరి చుట్టం.

ఇలాంటి టీకాల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో చూసేవేంటంటే.. చక్కెర ఎంత ఉంది, గొలుసు పొడవు తగ్గిందా, ప్రొటీన్‌కి అతుక్కోకుండా మిగిలిన చక్కెర ఎంత, విఐ మీద ఉండాల్సిన అసిటైల్ గ్రూపులు ఉన్నాయా పోయాయా. ఆ అసిటైల్ పోతే టీకా పనితనం తగ్గుతుంది. కొలత తప్పితే ఆ డోసు పడేది ఒక పసిబిడ్డకి. పంటి బ్యాక్టీరియా దగ్గర నేర్చుకున్నది ఇక్కడ అక్షరాలా అక్కరకొస్తుంది.

బయోసిమిలర్ కంపెనీల్లో కూడా యాంటీబాడీ మందుల మీద ఉండే చక్కెరల విశ్లేషణ తప్పనిసరి. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే సీఎస్‌ఐఆర్ నెట్, గేట్‌లో కెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, లైఫ్ సైన్సెస్ పేపర్లు, ఫార్మసీ వాళ్లకి జీప్యాట్, నైపర్ ప్రవేశ పరీక్ష దారులు.

కోడింగ్ వాళ్లకూ చోటుంది

నాలాంటి వాళ్లు కూడా ఇది వదిలేయక్కర్లేదు. చక్కెర గొలుసు కొమ్మలున్న ట్రీ డేటా స్ట్రక్చర్. వలయాలు నోడ్లు, బంధాలు ఎడ్జ్‌లు. ప్రతి ఎడ్జ్ మీద ‘ఆల్ఫా-1,2’ లాంటి లేబుల్. ఒక రకాన్ని ఇంకో రకంతో పోల్చడమంటే రెండు ట్రీలు పోల్చడమే. బొమ్మలకి ఎస్‌ఎన్‌ఎఫ్‌జీ అనే ప్రామాణిక గుర్తులున్నాయి. గ్లూకోజ్ నీలం వృత్తం, రామ్నోజ్ ఆకుపచ్చ త్రిభుజం. మ్యూటాన్స్ సి, ఇ, ఎఫ్ రకాల్ని ఇప్పుడు జన్యువుల ఆధారంగా పీసీఆర్‌తో కూడా గుర్తిస్తున్నారు. జన్యువుల వరుస చూసి చక్కెర నిర్మాణం ఊహించే పనికి బయో తెలిసిన ప్రోగ్రామర్లు కావాలి.

ఈ నెలలోనే మొదలుపెట్టండి

* ‘ఎసెన్షియల్స్ ఆఫ్ గ్లైకోబయాలజీ’ పుస్తకం ఎన్‌సీబీఐ బుక్‌షెల్ఫ్‌లో ఉచితం. మొదటి మూడు అధ్యాయాలు చాలు.
* మ్యూటాన్స్ సి, ఇ, ఎఫ్ రకాలు మూడూ కాగితం మీద చేత్తో గీయండి. తేడా ఉన్న చోట గుండ్రం చుట్టండి.
* అవే బొమ్మలు గ్లైకోవర్క్‌బెంచ్‌లో గీయండి. సాఫ్ట్‌వేర్ ఉచితమే.
* బ్యాక్టీరియా చక్కెరలకు ‘సీఎస్‌డీబీ’ అనే ఉచిత డేటాబేస్ ఉంది. మీకు నచ్చిన ఒక బ్యాక్టీరియా పేరు కొట్టి, దొరికిన నిర్మాణాన్ని స్నేహితుడికి మాటల్లో వివరించండి. ఆగకుండా చెప్పగలిగితే మీకు వచ్చినట్టే.
* చక్కెర గొలుసుకి ఎన్‌ఎంఆర్ ఎలా వస్తుందో అంచనా వేసే ‘క్యాస్పర్’ అనే ఉచిత ప్రోగ్రామ్‌ని స్టాక్‌హోమ్ యూనివర్సిటీ వాళ్లు నడుపుతున్నారు. ఒక్క కొమ్మలో ఆల్ఫాను బీటాగా మార్చి చూడండి, ఏ అంకెలు కదిలాయో రాసుకోండి.
* రెజ్యూమెలో ‘ఎన్‌ఎంఆర్ తెలుసు’ అని రాయకండి. ‘ఫలానా పాలీశాకరైడ్ స్పెక్ట్రమ్ విశ్లేషించాను’ అని రాయండి. తర్వాతి ప్రశ్న దాని మీదే వస్తుంది, అక్కడ మీరే రాజు.

మా అక్క ఇదంతా చేయడానికి ఐదు నెలలు పట్టింది. ట్యూషన్లు చెప్పుకుంటూ, రాత్రిళ్లు డైనింగ్ టేబుల్ మీద త్రిభుజాలూ వృత్తాలూ గీస్తూ. ‘ఇదేం ముగ్గులే?’ అని పెద్దమ్మ నవ్వేది. తర్వాతి ఇంటర్వ్యూ వేరే కంపెనీలో. రామ్నోజ్ గురించి ఎవరూ అడగలేదు. ‘అసిటైల్ గ్రూపు పోయిందని ఎన్‌ఎంఆర్‌లో ఎలా తెలుస్తుంది?’ అని అడిగారు. అక్క కాగితం, పెన్ను అడిగి తీసుకుంది. క్వాలిటీ కంట్రోల్‌లో ట్రైనీగా చేరింది. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితురాళ్లకంటే తక్కువే, అది దాచను. కానీ చదివిన చదువుతోనే చేరింది.

మీరు వదిలేద్దామనుకుంటున్న చాప్టర్ ఏదో ఒకసారి చూసుకోండి. ఈ రాత్రి పళ్లు తోముకునేటప్పుడు బ్రష్‌కి అంటిన పాచిలో దానికి పనికొచ్చే పాఠం ఉండొచ్చు.